పాత సిలిండర్

హాలియాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో తువ్వాల మూట బరువుగా ఉంది. అడిగితే విప్పి చూపించాడు. పాత మోటార్ సైకిల్ సిలిండర్.

"మా బాపు బండిది అన్నా. బాపు పోయినంక నేను బండి మీద మంద కాడికి పోతే మా గొర్లన్నీ తలలు లేపి సూసేటియి. ఆయనే వస్తుండనుకునేటియి. గుట్ట ఎక్కుతలేదని మొన్న పెద్ద సిలిండర్ ఏపిచ్చిన. బండి మస్తు ఉరుకుతాంది గని సప్పుడు మారింది. గిప్పుడు ఒక్క గొర్రె గూడ సూస్తలేదు."

మళ్లీ పాతదే వేయించడానికి నల్లగొండ మెకానిక్ దగ్గరికి వెళ్తున్నాడట.

"గిది ఏస్తే గా సప్పుడే వస్తదా అన్నా?"

వస్తుందన్నాను. నాకేం తెలుసు?

ఆయన తువ్వాల ముడి మళ్లీ బిగించుకున్నాడు. నల్లగొండలో దిగి గుంపులో కలిసిపోయాడు.

ఇప్పటికీ రోడ్డు మీద ఏ పాత బండి చప్పుడు వినిపించినా, చేస్తున్న పని ఆపి తలెత్తి చూస్తాను.