దూడకు ఒక చన్ను

నేను కాపురానికి వెళ్ళిన ఊరు ఉయ్యూరుకు దగ్గరే. డెబ్బైల మొదట్లో మా అత్తగారింట్లో రెండు పాడిగేదెలు ఉండేవి. పాలు ఇంట్లోకి వాడుకోగా మిగిలినవి తోడేసి, చిలికి, మజ్జిగ అడిగినవాళ్ళకు పోసేవారు. ఆ తర్వాత ఊళ్ళో పాలకేంద్రం వచ్చింది. రెండు పూటలా క్యాన్లు విజయవాడ వెళ్ళేవి. మా ఇంటి పాలూ వాటిలోనే వెళ్ళేవి.

దూడలు చావడం అప్పుడే ఎక్కువైంది. పెయ్యదూడ అయితే రేపు పాడికి వస్తుందని కాస్త తాగనిచ్చేవారు. దున్నదూడకు మాత్రం నాలుక తడిస్తే చాలనుకునేవారు. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతులతో పొలం దమ్ము చేసేవాళ్ళు తగ్గిపోయారు మరి. దూడ లేకపోతే గేదె చేపదు, పాలు కిందికి వదలదు కనక, చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి, కర్రల కాళ్ళు పెట్టి తల్లి ముందు నిలబెట్టేవారు.

మా పెద్దగేదె దూడ కూడా అలాగే పోయింది. మా ఆయన గడ్డిదూడను చేయించి తెచ్చారు. గేదె దాన్ని నాకుతూ చేపింది. పాలు పితుకుతున్న అత్తగారు సగంలో లేచి నిలబడ్డారు.

“దీన్ని తీసుకెళ్ళి పాతిపెట్టు నాయనా,” అన్నారు.

“అది లేకపోతే చేపదమ్మా.”

“చేపకపోతే మానె.”

గడ్డిదూడను పాతిపెట్టాక పెద్దగేదె త్వరలోనే వట్టిపోయింది. రెండో గేదె ఈనినప్పుడు అత్తగారు ఒక చన్ను పూర్తిగా దూడకు వదిలేశారు. అది దున్నదూడే, బతికింది.

మాది క్రైస్తవ కుటుంబం. వారానికోసారి చర్చిలో స్త్రీల కూడిక జరిగేది. ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని పాస్టరుగారి భార్య అడిగితే అత్తగారు లేచారు.

“దూడల కోసం ప్రార్థన చెయ్యాలండి. ప్రార్థన చేసి ఊరుకోవడం కాదు, తలా ఒక చన్ను వదలాలి. మూడు మనం పిండుకుందాం.”

వెనక ఎవరో నవ్వారు. మా పక్కింటావిడ మాత్రం నవ్వలేదు. “మీకు పొలముంది వదినగారూ, వదులుతారు. నాకు ఆ గేదే పొలం,” అంది.

అత్తగారు ఇంటికి వస్తూ, “ఆవిడ మాటలో తప్పులేదే. అయితే దూడ చేసిన తప్పేమిటి?” అని నన్నడిగారు.

మర్నాడు ఇద్దరం ఉయ్యూరు వెళ్ళి పశువుల డాక్టరుగారిని కలిశాం. ఆయన శ్రద్ధగా విన్నారు.

“చాలామంది దూడను చివర్లో వదులుతారమ్మా. వెన్నంతా ఆ చివరి పాలల్లోనే ఉంటుంది. కేంద్రంలో వెన్నను బట్టే ధర కడతారు, ఫ్యాట్ పడిపోయేసరికి అవీ పిండేస్తున్నారు. మీరన్నట్టు ఒక చన్ను దానికే వదిలేసి, మిగతా మూడూ చివరిదాకా పిండుకోమనండి. దూడ ఎదురుగా ఉంటే గేదె బాగా చేపుతుంది, ఎక్కువకాలం పాలిస్తుంది.”

ఈ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. అత్తగారు వసారాలో పెద్దవాళ్ళతో మాట్లాడుతుంటే నేను పెరట్లో కోడళ్ళతో మాట్లాడేదాన్ని. పాలు పితికేది వాళ్ళే. కొందరు సరేనన్నారు, కొందరు మంచినీళ్ళిచ్చి పంపేశారు.

ఆ ఏడే విజయవాడ గవర్నర్‌పేటలో పాడి రైతుల సభ జరిగింది. డాక్టరుగారు చెప్పి అత్తగారికి మాట్లాడే అవకాశం ఇప్పించారు. అంతకుముందు ఆవిడ మైకు ముందు నిలబడి ఎరగరు. వేదిక మీదున్న ఆఫీసరొకాయన మధ్యలో అందుకున్నాడు.

“అమ్మా, టౌన్లో పసిపిల్లలకే పాలు చాలడం లేదండి. మీరేమో దూడలంటున్నారు.”

“అవి పసిబిడ్డ కోసం వచ్చిన పాలేనండి. కన్నబిడ్డకు కాస్త ఉంచి, తక్కినవి టౌనుకు పంపుదామంటున్నా.”

కొందరు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు తల ఊపాడు. ఆ తర్వాత అక్కణ్ణుంచి మాకే కబురూ రాలేదు.

తిరుగు బస్సులో, “గొంతు వణికిందా?” అనడిగారు అత్తగారు.

“కొంచెం.”

“అన్నీ చెప్పానా?”

“ట్రాక్టర్ల సంగతి మర్చిపోయారు.”

“పోన్లే,” అని కిటికీ వైపు తిరిగారు.

వానాకాలంలో పక్కింటి గేదె ఈనింది. ఒక సాయంత్రం ఆవిడ గోడ మీదుగా అత్తగారిని పిలిచింది.

“దున్నదూడే పుట్టింది వదినగారూ. ఏ చన్ను వదలమంటారు?”

“రోజూ ఒకటే కాకుండా మార్చి మార్చి వదులు.”

ఆవిడ వదిలింది. పాలు పెద్దగా తగ్గలేదని తనే నలుగురికీ చెప్పింది. మేం చెప్పినదానికంటే ఆవిడ చెప్పిందే జనం నమ్మారు. ఊరంతా మారిందనలేను, ఊరి చివర వీధుల్లో గడ్డిదూడలు ఇంకా చాలాకాలం కనిపించాయి. మా వీధిలో మాత్రం మళ్ళీ గుంజకో దున్నదూడ కనబడసాగింది. ఓ ఆదివారం వాటిలో ఒకటి పలుపు తెంపుకుని ఆరాధన మధ్యలో చర్చిలోకి వచ్చేసింది. పాస్టరుగారు ప్రసంగం ఆపారు. అత్తగారు లేచి, దాని చెవి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించుకెళ్ళారు.