బోర్డు మీద యాకూబ్ పేరు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను చౌటుప్పల్ నుంచి నందికొండకు బదిలీ చేశారు. హోదా మూడో గ్రేడు గ్రంథపాలకుడు. వినడానికి బరువుగా ఉంటుంది గానీ, శాఖా గ్రంథాలయంలో తాళం తీసేదీ, పత్రికలు పరిచేదీ, పుస్తకాలకు వర్గ సంఖ్యలు వేసేదీ, మళ్లీ తాళం వేసేదీ ఆ ఒక్కడే.

డ్యాం కోసం కట్టిన ఊరు కాబట్టి పాఠకుల్లో నీటిపారుదల సిబ్బంది ఎక్కువ. పొద్దున్నే వచ్చి పత్రికలు తిరగేసి, రాజకీయాలు తేల్చేసి వెళ్లిపోయేవారు. వాళ్లను లోపలి అల్మారాల దాకా రప్పించాలని గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టి, వారానికో పుస్తకాన్ని పరిచయం చేసేవాణ్ని. శుక్రవారం మాకు సెలవు, శనివారం బోర్డు మారేది. అందులో పట్టేది ఐదు వరుసలే. స్వీయ జ్ఞాపకాలు, యాత్రలు, చరిత్ర తప్ప వేరేవి రాసేవాణ్ని కాదు, నవలలకు నా సిఫారసు అక్కర్లేదు. ఒక పెద్ద అధికారి జ్ఞాపకాల మీద ‘రచయిత తనను తాను మెచ్చుకోని పేజీలు బాగున్నాయి’ అని రాశాను. ఒక ఎడారి యాత్ర చదివాక రచయిత కంటే ఒంటె మీద గౌరవం పెరిగిందన్నాను. ఒక రాజవంశ చరిత్రకు ‘యుద్ధాలు ఎక్కువ, మనుషులు తక్కువ’ అని నాలుగే మాటలు పెట్టి, మిగతా బోర్డు ఖాళీగా వదిలేశాను. అవి నచ్చనివాళ్లూ ఉండేవారు. ఎవరు చెప్పినా వారం గడవకుండా తుడిచేది లేదని నియమం పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో ఒక విశ్రాంత ఆచార్యుడి పుస్తకం వచ్చింది. చాలా ఏళ్ల కిందట కృష్ణ వెంట ఎగువ లోయలో పాత గుహలు వెతకడానికి ఒక బృందాన్ని తీసుకెళ్లాడాయన. వర్గ సంఖ్య దగ్గరే చిక్కొచ్చింది. మా పద్ధతిలో యాత్రలకు ఒక సంఖ్య, జీవితకథలకు ఇంకొకటి, చరిత్రకు మరొకటి. అట్ట మీద ఆ మూడు మాటలూ ఉన్నాయి. ఎటూ తేల్చుకోలేక యాత్రల్లో పెట్టి, బోర్డు మీద ఇలా రాశాను: ‘గుహల వర్ణన అద్భుతం. పడవ నడిపే యాకూబ్ గాలివానకు జడిసి, అందరినీ వదిలి పారిపోయిన ఘట్టం వణుకు పుట్టిస్తుంది. మర్నాడు దైవికంగా ఒక లాంచీ రావడంతో బృందం బయటపడింది.’

మూడో రోజు రజియా వచ్చింది. కాలనీలో బట్టలు కుడుతుంది, వారపత్రికల కోసం క్రమం తప్పక వచ్చే పాఠకురాలు. ఆ రోజు లోపలికి రాకుండా బోర్డు దగ్గరే నిలబడింది.

“సార్, గా యాకూబ్ మా అబ్బానే. జర తుడిచేయుండ్రి.”

మా జిల్లాలో యాకూబ్‌లు వాడకొకరు ఉంటారు. పుస్తకంలోని యాకూబ్ ఈ ఊళ్లోనే, నేను రోజూ చూసే రేవులోనే ఉంటాడని ఎవరనుకుంటారు? రజియా చెప్పిన దాన్నిబట్టి, ఆయన వయసు మళ్లి పడవ మానేశాడు. అయినా పొద్దున గాలి చూసి ఆయన వద్దంటే చేపలు పట్టేవాళ్లు గుండ్రటి వెదురు పుట్టిని నీళ్లలోకి దించేవారు కాదు. బోర్డు చూశాక వాళ్లు నవ్వడం మొదలుపెట్టారట. పిరికాయన మాట ఏం వినేదని ఒకడు గాలిలోనే పుట్టి దించి, తిరగబడి, ఎలాగో ఒడ్డుకు ఈదాడట.

అది నా మాట కాదనీ, పుస్తకంలో ఉన్నదే రాశాననీ చెప్పాను.

“పుస్తకం మూసుంటది సార్. బోర్డు తెరిచుంటది. ఊరంత చదివేది బోర్డే గదా.”

సాయంత్రం ఆమె ఇంకో పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. అదే బృందంలోని ఫొటోగ్రాఫర్ సొంత ఖర్చుతో అచ్చేసుకున్న జ్ఞాపకాలు. యాకూబ్‌కు ఒక ప్రతి పంపాడట. అందులో కథ మరోలా ఉంది. యాకూబ్ ప్రాణాలకు తెగించి వానలో ఒంటరిగా వెళ్లి లాంచీని తెచ్చాడట. లేకుంటే ఈ పుస్తకమే లేదట.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చదివిన కొద్దీ తల తిరిగింది. ఒకరు వాన మధ్యాహ్నం మొదలైందంటారు, ఇంకొకరు చీకటి పడ్డాక అంటారు. ఒకరి బృందంలో వంటమనిషి ఉన్నాడు, ఇంకొకరి బృందంలో అటుకులే గతి. వీళ్లిద్దరూ ఒకే నది మీద వెళ్లారా అని అనుమానం వచ్చింది. కొంతసేపటికి ఒకటి మాత్రం దొరికింది. ఆచార్యుడు గుహలో ఉండి, పడవ వెళ్లిపోవడం చూశాడు. మర్నాటి లాంచీలో ఎవరున్నారో రాయలేదు. ఫొటోగ్రాఫర్‌కు ఆ సాయంత్రం జ్వరం, ఒళ్లు తెలియదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా లాంచీ, అందులో యాకూబ్. అంటే పారిపోయాడా, సాయం కోసం పోయాడా?

మర్నాడు రజియాను వెంటబెట్టుకుని రేవుకు వెళ్లాను. ఆయన రాతి మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. రెండు పుస్తకాల్లో ఉన్నది చదివి వినిపించాను.

“లాంచీల నేనే ఉన్న సారూ,” అన్నాడు. “పెద్దసారు నా దిక్కు సూడలే, మాట్లాడలే.”

“విన్నరా సార్!” అంది రజియా.

ఆయన చెయ్యి ఎత్తి కూతుర్ని ఆపాడు. “ఆగు బిడ్డా. పోయేటప్పుడైతే పారిపోవుడే. మళ్లొస్తనని నాకే ఎరుక లేకుండె. అవతలి ఒడ్డు ఎక్కినంక కాళ్ల వణుకుడు తగ్గింది. గప్పుడు యాదికొచ్చిండ్రు వాళ్లు. ఇగ ఉరికిన లాంచీ కోసం.”

“గట్ల చెప్పకు అబ్బా,” అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎందుకు చెప్పొద్దు? రాయి సారూ. గాలి జూసి నేను భయపడ్డ అని రాయి. అందరికి గాలంటే భయం పెట్టనీకే గదా రోజూ గీడ గూసునేది.”

నేను ఇంకా అయోమయంలో పడ్డాను. ఆమె అడిగింది ఒకటి, ఆయన అడుగుతున్నది ఇంకొకటి. తుడిస్తే కూతురికి న్యాయం, ఉంచితే తండ్రి మాటకు సాక్ష్యం. ఉద్యోగంలో చేరాక మొదటిసారి శనివారం రాకముందే బోర్డు తుడిచాను. ఐదు వరుసల్లో ఇరికించడానికి సుద్దముక్క పట్టుకుని చాలాసేపు తల గోక్కున్నాను. చివరికి రాసింది ఇది: ‘ఒకే యాత్ర మీద రెండు పుస్తకాలు. ఒక రచయిత పడవ పోవడం చూశాడు. ఒక రచయిత అది తెచ్చిన సాయం చూశాడు. పడవ నడిపిన యాకూబ్ మన రేవులోనే ఉన్నాడు. భయపడి పోయాననీ, ఆగలేక తిరిగొచ్చాననీ అంటున్నాడు.’

రజియా చాలాసేపు చదివింది. “మేం గెలిచినమా, ఓడినమా సార్?” అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు. ఫొటోగ్రాఫర్ పుస్తకాన్ని గ్రంథాలయానికే ఇచ్చి వెళ్లింది. ఆ తర్వాత కొన్నాళ్లు వారపత్రికల కోసం కూడా రాలేదు. నాకు బాధనిపించింది.

ఆ నెలలోనే ఒకరోజు గాలి లేచింది. రేవుకు వెళ్లి చూస్తే పుట్టిలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. చేపలు పట్టేవాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. ఎందుకు దించలేదని అడిగితే, మొన్న తిరగబడిన పుట్టి మనిషే బదులిచ్చాడు.

“యాకూబ్ చాచా వద్దన్నడు. ఆయన పారిపోయింది గీసొంటి గాలికేనట గదా సార్.”

పదవీ విరమణ చేసే రోజున ఆ రెండు పుస్తకాలూ ఒకే అరలో, వేరువేరు సంఖ్యలతో ఉన్నాయి. నిబంధనల ప్రకారం అది తప్పు. నా తర్వాత వచ్చినాయన ఎందుకని అడిగితే ఆ రెంటినీ విడదీయొద్దని మాత్రం చెప్పాను. ఈ ఉదంతం నాకు పనికి సంబంధించిన రెండు విషయాలు నేర్పింది. జ్ఞాపకాల పుస్తకాన్ని పరిచయం చేసేటప్పుడు, ఆ సంఘటన జరిగినప్పుడు రచయిత ఎక్కడున్నాడో ముందు వెతకాలి. అందులో ఒక మనిషి పేరు వస్తే, బోర్డు మీద రాసేముందు ఊళ్లో అడగాలి.