ఓడిపోవడం చేతకాని డ్రైవరు తాత

డ్రైవరు తాతకి ఓడిపోవడం చేతకాదు. పెద్దవాళ్ళ సంగతి అటుంచండి, చేతికి సెలైన్ సూది ఉన్న ఏడేళ్ళ పిల్లవాడితో ఆడినా చేతకాదు. పిల్లల వార్డు హెడ్ నర్సుకి ఆయన్ని చూస్తేనే అరికాలి మంట నెత్తికెక్కేది.

ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆసుపత్రి పిల్లలతో వీడియో గేములు ఆడే ఒక సేవాసంస్థలో చేరాడు. వారానికి మూడు రోజులు చక్రాల బల్ల మీద టీవీ, గేమ్ పెట్టె పెట్టుకుని, నోటితో హారన్ కొట్టుకుంటూ వార్డులోకి వచ్చేవాడు. ఆడేది కార్ల పందెం. సంస్థవాళ్ళు గట్టిగా చెప్పిన మాట ఒకటే, పిల్లల్ని గెలిపించాలని. మిగతావాళ్ళు బుద్ధిగా గోడలకి గుద్దుకుని, "అబ్బ, ఓడించేశావు!" అని చప్పట్లు కొట్టేవాళ్ళు. తాత మాత్రం పిల్లల్ని చిత్తుచిత్తు చేసి మీసం దువ్వేవాడు.

"వాడి కాలికి కట్టుందండీ!" అంది నర్సు ఒకసారి పళ్ళు నూరుతూ.

"ఆడేది చేత్తో కదమ్మా?" అన్నాడు తాత, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఒరేయ్, మలుపులో బ్రేకు వెయ్యవా? నీకు లైసెన్స్ ఎవడిచ్చాడ్రా?"

"నీకంటే నేనే బాగా తోల్తా తాతా!"

"ఏదీ, తోలు! నోటితో కాదు!"

ఒక తల్లి పోట్లాటకి వచ్చింది, మా వాడు ఏడుస్తున్నాడని. "ఏడవనీ తల్లీ, ఇంజెక్షన్ సంగతి మర్చిపోయాడుగా" అన్నాడు. ఇలాంటి మాటలకి ఒళ్ళు మండక ఏమవుతుంది? నర్సు ఆయన్ని మాన్పించమని సంస్థకి రెండు పేజీల ఫిర్యాదు రాసింది. మర్నాటి నుంచి రావద్దని వాళ్ళు తాతకి చెప్పేశారు.

పీడ వదిలిందనుకుంది నర్సు. ఆ వారంలోనే తొమ్మిదో మంచం పిల్ల మొండికేసింది. పదేళ్ళది, గుండెకి ఆపరేషన్ చెయ్యాలి. తిండి ముట్టదు, థియేటరుకి రానంటుంది. రెండుసార్లు వాయిదా వేశారు. ఇక ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టరు నర్సు మీద కేకలేసి, పిల్లని నవ్విద్దామని తనే కూర్చుని ఆడి, ఓడిపోయాడు. తల్లి ఓడిపోయింది. మేనమామ సెలవు పెట్టి మరీ వచ్చి ఓడిపోయాడు. నర్సు మూడుసార్లు ఓడిపోయింది. వీళ్ళు ఓడిపోతున్నకొద్దీ పిల్ల ఇంకా ముడుచుకుపోయింది.

"ఇంతమందిని ఓడించావు కదే! ఒక్కసారి నవ్వితే నీ సొమ్మేం పోయింది?" అని కసిరింది నర్సు.

పిల్ల రిమోట్ విసిరికొట్టింది. "నేను చచ్చిపోతాను కదా?"

"ఛీ! ఎవరన్నారే?"

"అందరూ కావాలని ఓడిపోతున్నారుగా, నాకు తెలీదా? మా తాతమ్మకీ అంతే, చివర్లో ఏమడిగితే అది ఇచ్చేశారు. డ్రైవరు తాత ఒక్కడే నన్ను ఓడించేవాడు. ఆయన్నీ పంపించేశారు!"

నర్సుకి ఈసారి వచ్చిన కోపం ఆ ఫిర్యాదు రాసిన మనిషి మీద. అద్దంలో చూసుకుని తిట్టుకునే తీరిక లేక, ఫోను తీసి తాత మీదే విరుచుకుపడింది. "మానేయమంటే మానేస్తారా? మనిషన్నాక ఎదురు తిరగొద్దూ? వెంటనే రండి!"

వచ్చాడు. ఏడు ఆటలు ఆడి ఏడూ గెలిచాడు. పిల్ల అరుపులకి పక్క వార్డు అదిరింది. "ఆపరేషన్ అవనీ తాతా, నీ పని చెప్తా!"

"త్వరగా కానిచ్చుకుని రా! నాకేం భయమా?"

పిల్ల ఆయన్ని తిట్టుకుంటూనే థియేటరుకి వెళ్ళింది. ఆ ఆరు గంటలూ తాత టీవీ ముందు ఒంటరిగా ఆడాడు. ఒక్క పందెం గెలవలేదు. నర్సు టీ కప్పు తెచ్చి పక్కన పెట్టింది.

"పిల్లలకి ఇలా అనిపిస్తుందని మీకు ముందే తెలుసా?"

"జాలిపడేవాడితో ఆడబుద్ధేస్తుందా అమ్మా ఎవరికైనా? నన్ను మాట్లాడించకండి, మళ్ళీ గోడకి గుద్దేశాను!" అన్నాడు విసుగ్గా, గోడ గడియారం వైపు చూస్తూ.

మూడు వారాల తర్వాత పిల్ల ఆయన్ని నిజంగానే ఓడించింది. వార్డంతా ఈలలు, గోల. తాత కందిపోయిన మొహంతో నర్సు బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు.

"ఆ పిల్లని ఇవాళ డిశ్చార్జ్ చేస్తున్నారటగా! నేను ఓడిపోయి ఉండగా ఎలా పంపుతారమ్మా? ఇంకొక్క ఆట అయ్యేదాకా ఆపండి!"

"ఆ పిల్లకి నయమైందండీ. మీకే ఇంకా కాలేదు" అంది నర్సు కాగితాల మీద సంతకం పెడుతూ. "వెళ్ళి ఆరో మంచం దగ్గర కూర్చోండి. అక్కడ ఇంకొకత్తె మిమ్మల్ని ఓడిస్తానని పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తోంది."