బకెట్‌లో గోకుడు

నిన్న డైరీ ఫార్మ్ అనే పేటలో, మా ఇంటి పెరట్లో ఖాళీ బకెట్‌లో ఏదో గోకుతోంది. తొంగిచూస్తే, నత్తగుల్లను మోసుకు తిరిగే చిన్న పీత.

నాకు ఏడేళ్లప్పుడు మాయాబందర్‌లో, సముద్రం పక్కనే ఉండేవాళ్లం. ఇంటి వెనక కొబ్బరి డొక్కల మధ్య ఇలాంటి పీతలే తిరిగేవి. ఒకదాన్ని ఎత్తితే గుల్లలోంచి నీళ్లు కారాయి. పాపం, సముద్రాన్ని తలుచుకుని ఏడుస్తోందనుకున్నాను. దొరికినన్నింటినీ ఏరి, అంచుదాకా సముద్రపు నీళ్లు నింపిన బకెట్‌లో వేశాను. మళ్లీ దారి తప్పకూడదని పైన పళ్లెం మూసి, రాయి పెట్టాను. పొద్దంతా లోపల గోకుతూనే ఉన్నాయి. ఆడుకుంటున్నాయని మురిసిపోయాను.

సాయంత్రానికి చప్పుడు ఆగింది. నానమ్మ పళ్లెం తీసి చూసింది.

"సముద్రం ఒగ్గీసి ఒచ్చినాయే ఇవి. గాలికి అలవాటు పడిపోనాయి. మల్లీ ముంచితే బతుకుతాయేటే, బేటీ?"

ఆ గుల్లలోని చుక్కెడు నీళ్లు కన్నీళ్లు కావనీ, నేల మీద మొప్పలు ఎండిపోకుండా అవి వెంట తెచ్చుకున్న తడి అనీ పెద్దయ్యాక తెలిసింది.

నిన్న బకెట్ పక్కకు వంచాను. పీత మెల్లగా పాక్కుంటూ వెళ్లిపోయింది.

నా చెవుల్లో గోకుడు మాత్రం ఆగలేదు.