ఉతికిన అంగీలో నాన్న పేరు

మొన్నటి వానకు ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగి నా పాత డైరీలు తడిశాయి. ఈ ఉదయం వాటిని డాబా మీద ఆరబెడుతుంటే, ఒక పేజీలో సిరా చెదిరిన పేర్లు కనబడ్డాయి. వెంటనే మా పాస్టరుగారి తెల్ల అంగీ గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. విశాఖ పోర్టులో కలాసీగా పనిచేసే నాన్న ఓడ నిచ్చెన మీంచి జారిపడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఆదివారం సండేస్కూల్లో టీచరమ్మ, బైబిలు కాలంలో ప్రధాన యాజకుడు పన్నెండు గోత్రాల పేర్లు చెక్కిన రాళ్లను గుండెల మీద పెట్టుకుని వాళ్ల తరఫున ప్రార్థించడానికి తెర లోపలికి, దేవుని సన్నిధికి వెళ్లేవాడని చెప్పింది. అక్కడ నాన్న పేరు లేకపోతే ఎలా అని నాకు భయమేసింది. మాకు యాజకుడంటే పాస్టరుగారే అనుకుని, కాగితం మీద నాన్న పేరు రాసి, గుడి వెనక గదిలో వేలాడుతున్న పాస్టరుగారి అంగీ ఎడమ జేబులో పెట్టేశాను.

శనివారం గుడి ఊడవడానికి వెళ్లేసరికి పాస్టరమ్మ ఆ అంగీ ఉతికి ఆరేస్తోంది.

"ఏటిది, జేబులో కాయితం ముద్ద?"

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. అరుగు మీద కూర్చున్న పాస్టరుగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఓలమ్మా, తెర దాటి ఎల్లినోణ్ణి నాను కాదే. యేసయ్య ఎల్లినాడు. మీ నాన్న పేరు ఆయన గుండెల మీదుంది. ఆయన అంగీ ఉతుకుదామన్నా మా ఇంటిదానికి అందదు."

"అందదులే గానీ, మీ జేబులు మీరు సూసుకోండి" అంది పాస్టరమ్మ.

రెండు నెలలకు నాన్న కర్ర ఊతంతో ఇంటికొచ్చాడు. నేను మాత్రం ఆ శనివారం రాత్రే హాయిగా నిద్రపోయాను.

పేర్లు రాయడం మానలేదు. ఏ డైరీలోనైనా మొదటి పేజీ, నేను ప్రార్థించాల్సినవాళ్లదే. ఇవాళ చెదిరిన పేర్లలో కొన్ని నాకే అంతుపట్టలేదు. గాలికి ఎగరకుండా ఆ పేజీ మీద ఒక రాయి పెట్టి, కాఫీకి కిందికి దిగాను.