సంచి మీది లెక్క

అద్దకం మందు సంచి కుట్టుదారం సర్రున లాగిన చప్పుడు వింటే నాకు సత్తయ్య కాకా గుర్తొస్తాడు. కిమ్ అనే ఊళ్ళో నేను పనిచేసే బట్టల మిల్లు ల్యాబులో ఆ చప్పుడు రోజూ వినిపిస్తుంది, ఆయనా రోజూ గుర్తొస్తాడు. సంచి విప్పేముందు దాని మీద రాసింది పైకి చదవడం నా అలవాటు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

లాక్‌డౌన్ పెట్టి బడి ఫోనులోకి వచ్చిన ఏడాది నేను పన్నెండో తరగతి. మేం వలస వచ్చి ఉంటున్న వడోద్ బస్తీలో, మా గదిలో సిగ్నల్ ఉండేది కాదు, మెట్ల మీదికి పోవాల్సి వచ్చేది. పై అంతస్తులో ఉండే సత్తయ్య కాకా మాకు చుట్టం కాదు, కరీంనగర్ వైపు మనిషి. మిల్లుల పేట పాండేసరలో ఒక అద్దకం మిల్లు ల్యాబులో ఏ రంగుకు ఏ మందు ఎంత వేయాలో లెక్కగట్టి చిట్టీ రాసేవాడు. మిల్లు మూతపడ్డాక ఏమీ తోచక, మెట్ల మీద ఖాళీ సంచి పరిచి నన్ను కూర్చోబెట్టి, దూరం పాటించాలంటూ తాను రెండు మెట్లు పైన కూర్చుని నాకు మోలారిటీ నేర్పాడు. మాస్కు మాత్రం గడ్డం కిందే ఉండేది.

నలభై గ్రాముల కాస్టిక్ సోడాలో లీటరు నీళ్ళు పోస్తే ఒక మోలార్ ద్రావణం అని రాసి చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు.

"లీటరు నీళ్ళు కాదు బిడ్డా, అంతా కలిసి లీటరు గావాలె. ముందుగాల కొన్ని నీళ్ళల్ల సోడా కరగనియ్యి. సల్లారినంక గీత దాకా నీళ్ళు పొయ్యి."

గీత అంటే ఏమిటో చూపించడానికి మా స్టీలు చెంబు లోపల మేకుతో గీశాడు. ఆ చెంబు కోసం అమ్మ ఆయనను వారం రోజులు తిట్టింది.

మిల్లు తెరిచాక ఆయన కొత్తగా వచ్చిన సరుకు ఖాళీ సంచి ఒకటి తెచ్చి పరిచాడు. ఒక సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"మాల్ ఖరాబైంది. రంగు లేతగ దిగింది. ఉప్పు తక్కువేసిండని తూకం ఏసేటాయనను సేఠ్ రేపటి సంది రావద్దన్నడు. ముగ్గురు పిల్లలు ఆయనకు."

ఆ ఉప్పు సోడియం సల్ఫేట్. రంగు బట్టకు పట్టడానికి వేస్తారు. దాని మోలార్ ద్రవ్యరాశి 142 అని నాకు నోటికొచ్చు. కానీ నేను కూర్చున్న సంచి మీద ఆ పేరు పక్కనే చుక్క, చుక్క తర్వాత 10H₂O ఉన్నాయి.

"కాకా, ఇండ్ల పది నీళ్ళున్నయి. గప్పుడు 322 గద?"

ఆయన దిగి వచ్చి వంగి చదివాడు. పాత సరుకులో నీళ్ళు ఉండేవి కావు. ఈ సరుకుకు కూడా ఆయన పాత లెక్కతోనే చిట్టీ రాశాడు. బట్టకు అందాల్సిన ఉప్పులో సగం కూడా అందలేదు.

"ఆయన తక్కువెయ్యలే. చిట్టీ రాసింది నేను," అన్నాడు.

"మిల్లుల ఎవరికీ తెల్వది గద కాకా," అన్నాను. ఆయన నౌకరీ పోతుందని భయం వేసింది.

"నీకెరుకైంది గద."

మర్నాడు పోయి సేఠ్‌కు చెప్పాడు. తూకం ఆయన పనిలోకి తిరిగి వచ్చాడు. కాకాను ల్యాబులోంచి తీసి, తడి బట్టల బండ్లు తోసే పనిలో పెట్టారు. మళ్ళీ ల్యాబు బల్ల దగ్గరికి రానివ్వలేదు. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేదని చాలాసార్లు ఏడ్చాను. ఆయన మాత్రం నానిపోయిన చేతులతో వచ్చి, అదే సంచి మీద నన్ను కూర్చోబెట్టి, తర్వాతి లెక్క ఇచ్చేవాడు. పరీక్ష గట్టెక్కాను. కాకా ఆ తర్వాత ఊరికి వెళ్ళిపోయాడు.

నిరుడు నేను రాసిన ఒక చిట్టీలో సున్నా ఎక్కువ పడింది. మాల్ చెడింది. మేనేజరు మిషను దగ్గర ఉన్నాయనను నిలబెట్టి అరుస్తున్నాడు. నా బల్ల నుంచి అక్కడికి ఇరవై అడుగులు కూడా ఉండవు. వెళ్ళి, "చిట్టీ రాసింది నేను," అన్నాను.