రాకెట్టులో అవ్వకు సీటు

ఆకాశంలోంచి ఏదో ఊడిపడుతుంది, ప్రపంచం అంతమైపోతుంది అని ఊరంతా ఒకటే గోల. నేనప్పుడు తొమ్మిదో తరగతి. భయపడాల్సింది పోయి నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. రెండొందల పేజీల నోటుబుక్కు తీసుకుని నవల మొదలుపెట్టాను. భూమి పగిలిపోబోతుంది. రేణిగుంట స్టేషను వెనక మైదానంలో వేరే గ్రహానికి పోయే రాకెట్టు సిద్ధంగా ఉంటుంది. దాన్ని నడిపే కెప్టెన్ తొమ్మిదో తరగతి అమ్మాయి. ఎవరో వేరే చెప్పాలా?

రాసిందల్లా ఏ రోజుకా రోజు అవ్వకు చదివి వినిపించేదాన్ని. అవ్వ అంటే మా నాయన తల్లి. చదువు రాదు గానీ కథంటే చెవి కోసుకునేది. వడమాలపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చెనక్కాయలు వొలుస్తూ, "అబ్బ! ఆ గ్రహంలో నీళ్లుండాయా? ఎనుములకు మేత యాడ దొరకతాది?" అని నన్ను ఊపిరాడనిచ్చేది కాదు.

ఏడో అధ్యాయంలో ప్రయాణికుల ఎంపిక. "నలభై ఏళ్లు దాటినవాళ్లకు ప్రవేశం లేదు" అని గొంతు పెంచి చదివాను. మా నాయనకు ముప్పై తొమ్మిది. ఆయనకు ఢోకా లేదని ముందే లెక్క చూసుకున్నాను.

అవ్వ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది.

"అయితే నేను?"

"నువ్వు ముసిల్దానివి గదవ్వా. ఆడికి పోయినాక కష్టం జెయ్యాల. శాస్త్రం ప్రకారం రాసినా."

అవ్వ చేట పక్కకు నెట్టింది. "తిరపతి బస్సొస్తే కిటికీలోంచి టవలేసి నాకు సీటు పట్టేదానివి. ఎవురన్నా కూసుంటే కొట్లాడి లేపేదానివి. రాకెట్టుకాడికి వచ్చేసరికి ముసిల్దాన్నైపోయినానా?"

"కథే గదవ్వా!"

"కథలోనే పిల్సుకుపోలేనిదానివి, నిజంగా అయితే పిల్సుకుపోతావా?"

ఆ తర్వాత మూడు రోజులు అవ్వ అన్నం పెట్టింది, జడ వేసింది, అందరితో మాట్లాడింది. కథ మాత్రం అడగలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నా కథ, నా ఇష్టం అని బిగుసుకుని కూర్చున్నాను గానీ ఆ కోపం ఒక పూట కూడా నిలవలేదు. ఏడుపే మిగిలింది.

నాలుగో రోజు బడి నుంచి రాగానే ఏడో అధ్యాయం కొట్టేసి మళ్లీ రాశాను. జనం రాకెట్టు మీద ఎగబడుతున్నారు. కెప్టెన్ అందరినీ తోసుకుంటూ పరిగెత్తి, కిటికీలోంచి ఎర్ర టవలు విసిరింది. కాలేజీలో సైన్సు చదివే మా అన్న అది చూసి పడీపడీ నవ్వాడు.

"రాకెట్టుకు తెరిసే కిటికీ యాడుంటాదే? గాలంతా పోయి అందురూ సస్తారు!"

"సీటు పట్టినాక మూసేస్తారులే. నీకెందుకు?" అన్నాను.

అవ్వ అడగకపోయినా పక్కన చేరి చదివాను. ఎవరో ఒకామె టవలు తీసేసి కూర్చోబోయింది. "లెయ్యమ్మా, అది మా అవ్వ సీటు!" అని కెప్టెన్ అరిచింది. అవ్వ ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది.

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇంగోసారి సదువు పాపా, నేనెక్కిన కాడ" అంది.

చదివాను. మళ్లీ చదవమంది. ఆ నెలంతా అదే పేజీ. రాకెట్టు చివరికి ఏ గ్రహానికి పోయిందో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.